తొమ్మిదో కూత

కొత్తరేవులో కుళాయి తిప్పితే నీళ్ళు రావని ఎవరైనా అంటే అది ఊరంటే గిట్టనివాళ్ళ మాట. వస్తాయి. పొద్దున ఆరింటికి ఒక గంట, సాయంత్రం అయిదింటికి ముప్పావుగంట, నిండుగా వస్తాయి. చూడ్డానికి అద్దంలా ఉంటాయి. చిక్కంతా ఆ తర్వాతే. గ్లాసులో పోసి ఉంచితే సాయంత్రానికి గ్లాసు లోపల సున్నంతో గీసినట్టు తెల్లటి గీత పడుతుంది. సబ్బు అరుగుతుంది గాని నురగ రాదు. కాపరానికొచ్చిన కొత్త కోడళ్ళు మొదటి నెలలో జుట్టు రాలిపోతోందని ఏడుస్తారు, రెండో నెలలో తెల్ల బట్టలు కట్టడం మానేస్తారు, మూడో నెలకి ఊరివాళ్ళయిపోతారు. గీజరు పెట్టించుకున్నవాళ్ళు ఏడాదికోసారి దాని కడ్డీ ఊడదీయించి, పట్టిన పెచ్చుని సుత్తితో కొట్టించుకుంటారు.

ఇవన్నీ ఊరు ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. కందిపప్పు ఉడకదు.

కాలవ నీళ్ళున్న ఊళ్ళల్లో కుక్కరు మూడు విజిల్సేస్తే పప్పు వెన్నలా అయిపోతుంది. కొత్తరేవులో తొమ్మిది కావాలి. తొమ్మిదికి కూడా ఉడికితే ఉడికినట్టు, లేకపోతే గరిటతో మెదిపి, మెదిపి, దేవుడి మీద భారం వెయ్యాలి.

ఈ నీళ్ళని పరీక్షించడానికి మున్సిపాలిటీలో ఒక ఉద్యోగి ఉన్నాడు. పేరు భీమశంకరం. వయసు నలభై మూడు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోకూడదనీ అనుకోలేదు. ఇతరులు ఆకాశం చూసి వానొస్తుందా అని ఆలోచించినట్టు, ఆయన తన మనసులోకి చూసి ఇప్పుడేం రాబోతోందా అని కనిపెట్టుకుని ఉంటాడు. ఆఫీసు ఆవరణలో, వెనక గోడకి ఆనుకుని ఉన్న ఒంటిగది ఆయన లేబరేటరీ.

నీటి కఠినత్వం కొలిచే పద్ధతి ఆయనకి ప్రాణం. గాజుకుప్పెలో నీళ్ళు పోసి ఒక చుక్క రంగు వేస్తే ద్రాక్షపండు ఎరుపు వస్తుంది. పైన గొట్టంలోంచి మందుని బొట్టు బొట్టుగా వదులుతూ పోవాలి. ఏమీ జరగదు, ఏమీ జరగదు, ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఒక్క బొట్టు, అంతే, కుప్పె మొత్తం నీలం. ఆ ఒక్క బొట్టు కోసమే తను పుట్టాడేమోనని ఆయనకి రహస్యంగా అనిపించేది.

ఆ మందు అయిపోయి నాలుగేళ్ళయింది. మళ్ళీ పంపమని పైఆఫీసుకి ఇండెంటు పెట్టాడు. జవాబు లేదు. నెలనెలా పంపాల్సిన ఫారం మాత్రం పంపక తప్పదు. మొదటి నెల "పరీక్షించడమైనది. తృప్తికరం" అని రాస్తున్నప్పుడు చెయ్యి వణికింది. రెండో నెల వణకలేదు. మూడో నెల నిజంగానే పరీక్షించినట్టు జ్ఞాపకం వచ్చింది. కుప్పె నీలంగా మారడం కూడా గుర్తొచ్చింది. అప్పుడాయన అబద్ధానికి కాదు, ఆ జ్ఞాపకానికి భయపడ్డాడు.

లేబరేటరీ గోడకి అవతల సూరమ్మ మెస్సు. పదకొండేళ్ళుగా రెండు పూటలా ఆయన భోజనం అక్కడే. గడియారం అక్కర్లేదు. గోడవతల మూడో విజిల్ పడితే రిజిస్టరు మూస్తాడు. ఆరోదానికి చేతులు కడుక్కుంటాడు. తొమ్మిదోదానికి విస్తరి ముందుంటాడు. గిన్నె అడుగున కాస్త మాడిన పప్పంటే ఆయనకిష్టమని సూరమ్మకి తెలుసు. అడక్కుండానే గీకి ఒక పక్కన వేస్తుంది. ఈ భూమ్మీద ఆయన గురించి ఎవరికైనా తెలిసిన స్వంత విషయం అదొక్కటే.

ఆ సోమవారం తొమ్మిది విజిల్సొచ్చినా పప్పు పలుకులు పలుకులుగానే ఉంది.

"తిట్టకండి బాబుగారూ," అంది సూరమ్మ. ఆవిడకి యాభై దాటాయి. చీర కొంగు నడుముకి దోపి, గరిటని సాక్ష్యానికి పిలిచినట్టు పైకెత్తి పట్టుకుంది. "తప్పు నాది కాదండి, మీ కుళాయిదండి. సోడా ఉప్పేస్తే ఉడికిపోద్ది. ఎయ్యను. మా అత్తగారు ఎయ్యలేదు, నేనూ ఎయ్యను."

"ఎయ్యకులే అప్పా," అన్నాడు పక్క విస్తరి ముందు కూర్చున్న ఐసు ఫ్యాక్టరీ నూకరాజు. "మా పళ్ళకి పనుండాలిగా. లేబరేటరీ బాబుగారూ, మీరు పరీచ్చలు చేస్తారు కదండీ, నీళ్ళెలాగున్నాయండి?"

"తృప్తికరం," అన్నాడు భీమశంకరం. అలవాటు.

మెస్సంతా నవ్వింది. ఆయన గదికి తిరిగొచ్చేసరికి దంతాల మధ్య ఒక పప్పు పలుకు ఇరుక్కుని ఉంది. నాలుకతో తోస్తే పోలేదు. ఫారం పంపాల్సిన రోజది. చివర "ప్రత్యేక విశేషములు" అని ఒక గడి ఉంటుంది, ముద్రణాలయం పుట్టినప్పటి నుంచి ఎవరూ నింపనిది. ఆ గడిలో ఆయన, "కందిపప్పు తొమ్మిది విజిల్స్ వస్తే గాని ఉడకడం లేదు" అని రాసేశాడు. ఎందుకు రాశానా అని తర్వాత చాలాసేపు ఆలోచించాడు. ఆకలి వల్లా? నవ్వినందుకు ఉక్రోషమా? లేక, దొరికిపోవాలని మనసులో ఏ మూలో ఒక కోరికా?

ఫారాలు ఎవరూ చదవరు గనక దొరికిపోయే ప్రమాదం లేదు. కానీ పదకొండు రోజుల క్రితం కొత్త కమిషనరు వచ్చాడు. పేరు విశ్వమోహన్. ఆయన చదువుతాడు.

"ఇది రాసింది మీరేనా?" అన్నాడు కమిషనరు, ఫారం ఎత్తి చూపిస్తూ.

భీమశంకరానికి ఎక్కడలేని తేలిక కలిగింది. నాలుగేళ్ళ అబద్ధం ఇక చెప్పేయొచ్చు. "చిత్తం సార్. అసలు సంగతేమిటంటే, మందు అయిపోయి—"

"అద్భుతం!"

"సార్?"

"నాలుగేళ్ళ ఫైళ్ళు తిరగేశాను. ఈ కార్యాలయంలో జీవమున్న వాక్యం ఇదొక్కటే. లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములంటే ఏ గృహిణికి బోధపడుతుందండీ? తొమ్మిది విజిల్సంటే బోధపడని గృహిణి ఉందా? ప్రజల ప్రమాణం ప్రజల వంటింట్లోనే పుట్టాలి."

"ఆ మందు కొద్దిగా తెప్పిస్తే సార్, రెండు నిమిషాల్లో..."

"మందెందుకు? ఊళ్ళో పదకొండు వేల వంటిళ్ళున్నాయి. అంటే పదకొండు వేల లేబరేటరీలు, రోజూ ఉచితంగా పనిచేస్తున్నాయి. వాటిని ఇన్నాళ్ళూ ఎవరూ వినలేదు. మనం వింటాం."

భీమశంకరం బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. ఒప్పుకోలు చెప్పడానికి వెళ్ళి మెప్పు తెచ్చుకున్న మనిషికి ఎలా ఉంటుందో ఆయన మనసు ఆయనకి చూపించింది. కొంచెం వెచ్చగా, కొంచెం జిడ్డుగా ఉంది.

నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. "శ్రవణాధారిత జలకఠినత్వ నిర్ధారణ విధానం" అని దాని పేరు. నీటి కఠినత్వానికి ఇకపై ప్రమాణం "కూత". కందిపప్పు ఉడకడానికి మూడు కూతలు గాని అంతకు తక్కువ గాని పడితే ఆ వార్డు నీరు మృదువు. ఏడు దాటితే కఠినం. అటువంటి వార్డుకి రోజూ ఒక టాంకరు కాలవ నీళ్ళు పంపబడును. ఇందులో నాలుగో నియమం గణాంకాధికారి మల్లేశ్వరరావు సొంత సృష్టి: తాళం వేసిన ఇళ్ళు, హోటల్లో తినేవాళ్ళు, ఉపవాసాలవాళ్ళు లెక్కని పాడుచేస్తారు గనక, కూసిన వంటిళ్ళని మాత్రమే లెక్కించి, మొత్తం కూతల్ని వాటితోనే భాగించవలెను. మల్లేశ్వరరావు ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇతరుల నియమాలు మోశాడే తప్ప తనదంటూ ఒక నియమాన్ని కనలేదు. ఆ నాలుగో నియమాన్ని ఆయన లామినేషను చేయించి బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు.

ఇరవైరెండు వార్డులకి ఇరవైరెండుమంది కూత గణకులు వెళ్ళారు. ఒక్కొక్కరికీ ఒక కుర్చీ, ఒక గొడుగు, ఒక నోటుబుక్కు. పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా వీధిలో కూర్చుని చెవులు రిక్కించి వినాలి. మొదటి వారం ఊరి సగటు ఎనిమిది పాయింట్ ఏడు వచ్చింది. భీమశంకరానికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ మందుతో కొలిచినా అటూ ఇటూగా ఆ తీరే తేలేది. చిన్నచిన్న పొరపాట్లు లేకపోలేదు. మూడో వార్డులో పాసింజరు రైలు కూతని ఒక గణకుడు లెక్కలో వేశాడు. ఏడో వార్డు నీళ్ళు రాత్రికి రాత్రి కఠినమైపోయాయని గగ్గోలు పుడితే, కూడలికి కొత్త ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చాడని తేలింది. పద్నాలుగో వార్డులో ఒక పెంపుడు చిలక పొద్దుటే ఇరవయ్యేసి కూతలు కూసేది; దాన్ని వంటిల్లుగా గుర్తించాలా వద్దా అని ఫైలు నడిచింది.

వారం తిరక్కుండా కాలవ నీళ్ళ టాంకర్లొచ్చాయి. సూరమ్మ మెస్సులో ఆ రోజు మూడో విజిల్‌కే పప్పు ఉడికింది. భీమశంకరం ఇంకా రిజిస్టరు మూస్తున్నాడు, వెళ్ళేసరికి వడ్డనలైపోయాయి.

"చూశారా, నీళ్ళు మంచివైతే నా చెయ్యి ఎలాంటిదో!" అంది సూరమ్మ. ఆవిడ ముఖం కడిగిన స్టీలు పళ్ళెంలా ఉంది.

అక్కడే వచ్చింది చిక్కు. కాలవ నీళ్ళతో వండితే మూడే కూతలు. మూడు కూతలంటే మృదువు. మృదువంటే టాంకరు రద్దు. ఈ సంగతి ఊరికి అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు నుంచి ఊరు కూసింది.

పప్పు దించేశాక ఖాళీ కుక్కర్లో నీళ్ళు పోసి మళ్ళీ ఎక్కించారు. ఒకే వంటింట్లో రెండు కుక్కర్లు పెట్టారు. పెసలు ఉడికించి, శనగలు ఉడికించి, ఉడికించడానికేమీ లేక గులకరాళ్ళు ఉడికించారు. గణకుడు పక్క వీధికి మళ్ళితే ఆ వీధి వాళ్ళు మర్యాదగా, "ఉండండి, మాది ఇప్పుడే ఎక్కించాం, విని వెళ్ళండి," అని కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. పదకొండో వార్డు నూట నాలుగు కూతలకి చేరింది. తొమ్మిదింటికి మొదలైతే ఊరంతా ఒక పెద్ద రైల్వే యార్డు. పడవల మీంచి చేపలవాళ్ళు పొగమంచులో కూడా ఆ మోతని బట్టి రేవు ఎటుందో పోల్చుకుంటున్నామని చెప్పుకున్నారు.

కమిషనరు అత్యవసర సమావేశం పెట్టాడు.

"ఒక్క నెలలో ఊరి నీరు అయిదు రెట్లు కఠినమైంది. సాంకేతిక వివరణ కావాలి."

భీమశంకరం లేచాడు. "నీళ్ళు మారలేదు సార్. మనం వింటున్నామని వాళ్ళకి తెలిసింది. అంతే."

కమిషనరు కొంతసేపు ఆ మాటని నోట్లో పెట్టుకుని చప్పరించాడు. "అంటే, కొలత పరికరాలు నమ్మదగినవి కావంటారు."

"నేనలా అన్లేదు సార్..."

"సరిగ్గా అదే అన్నారు. కొట్టువాడి తూకపురాయికి ముద్ర ఉంటుందా లేదా? మరి కుక్కరు విజిల్‌కి? అధికారిక కొలత పరికరాన్ని పదకొండు వేలమంది ముద్ర లేకుండా ఇష్టం వచ్చినట్టు మోగిస్తున్నారు. ఇది కొలతల అరాచకం."

రెండో ఉత్తర్వు ఆ సాయంత్రమే వెలువడింది. పట్టణంలోని ప్రతి కుక్కరు విజిల్‌నీ ముద్ర నిమిత్తం మున్సిపాలిటీకి అప్పగించవలెను, రసీదు ఇవ్వబడును. ముద్ర లేని విజిల్ వాడినచో కుళాయి కనెక్షను తొలగించబడును. మైకు కట్టిన బండి వీధివీధీ తిరిగింది.

"విజిలిచ్చేయమంటే ఏటండీ?" అని సూరమ్మ బండికి అడ్డం నిలబడింది. "రేపొద్దున్న గరిట కూడా అడుగుతారేటి? పంతొమ్మిదేళ్ళుగా పసుపు బొట్టెట్టుకుని వాడుకుంటన్నాను దాన్ని."

"ముద్రేసి ఇచ్చేస్తారమ్మా," అన్నాడు బండిలో ఉద్యోగి.

"ఎప్పుడు?"

"ముద్ర యంత్రం రావాలి."

"అదెప్పుడొస్తాది?"

"ఇండెంటు పెట్టారమ్మా."

గోడ ఇవతల నించి భీమశంకరం వింటున్నాడు. ఇండెంటు సంగతి ఊళ్ళో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు.

విజిల్స్ మూటలన్నీ తెచ్చి ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఏ పనీ జరగని గది ఒక్కటే కనబడింది. ముప్ఫై ఏడు గోనెసంచులు లేబరేటరీలో చేరాయి. ఉప్పుగాలికి రసీదు చీటీల మీద సిరా వారానికే వెలిసిపోయింది. ఆయన కుర్చీ వేసుకోవడానికి గుమ్మంలో కాస్త చోటు మిగిలింది.

ఊరు మూగబోయింది. గణకులు గొడుగుల కింద కూర్చుని రెండున్నర గంటలు నిశ్శబ్దాన్ని విన్నారు. కూతలు: సున్నా. కూసిన వంటిళ్ళు: సున్నా. మల్లేశ్వరరావు కాగితాలు పట్టుకుని కమిషనరు ముందు నిలబడ్డాడు.

"సున్నాని సున్నాతో భాగిస్తే ఎంతండీ?" అన్నాడు కమిషనరు.

మల్లేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. ఆ లోపల ఏదో బాధ కదిలింది. "శాస్త్రం ఏమీ చెప్పదండి. ప్రభుత్వం దృష్ట్యా సున్నా అనుకోవచ్చండి."

"సున్నా కూతలు!" కమిషనరు కుర్చీలోంచి లేచాడు. "రాష్ట్రం మొత్తం మీద ఇంత మృదువైన నీరు మరెక్కడైనా ఉందా?"

ఎక్కడా లేదు. ఎక్కడైనా కనీసం మూడు కూతలు తప్పవు. కాబట్టి టాంకర్లు రద్దయ్యాయి. కాలవ నించి గొట్టం వెయ్యాలన్న పాత ఫైలు మీద "అవసరము తీరినది" అని రాసి మూసేశారు. "మృదుజల పట్టణం" అనే బిరుదుకి దరఖాస్తు వెళ్ళింది.

వంటిళ్ళలో మాత్రం పప్పు తెల్లవారుజాము నించీ తెరిచిన గిన్నెల్లో కుతకుతలాడుతూనే ఉంది. రాత్రే నానబోశారు, సోడా వేశారు, చివరికి చారుకే అలవాటుపడ్డారు. విజిల్స్ లేక ఊరికి పొద్దు తెలియడం మానేసింది. ఆఫీసులకి ఆలస్యాలు, బడికి ఆలస్యాలు. "ఊళ్ళో బాగుపడింది పళ్ళ డాక్టరొక్కడేనండి," అన్నాడు నూకరాజు, దవడ పట్టుకుని. మర్నాటి నించి అతను కూడా మెస్సుకి రాలేదు. అట్టు తిని సరిపెట్టుకుంటున్నాడట. నలభై విస్తళ్ళ మెస్సు తొమ్మిది విస్తళ్ళకి దిగింది.

బుధవారం మధ్యాహ్నం సూరమ్మ పప్పు వడ్డిస్తూ, ఆయన వైపు చూడకుండా చెప్పింది.

"శనివారంతో మూసేస్తన్నానండి. రామచంద్రపురంలో మా చెల్లెలి దగ్గిర హాస్టల్లో వంటకి రమ్మంటన్నారు."

భీమశంకరం ముద్ద మింగలేకపోయాడు. పప్పు పలుకు అడ్డుపడింది కాబోలనుకున్నాడు. కాదు. ఇంకెక్కడా ఎవరూ మాడిన అడుగు గీకి ఆయన విస్తట్లో వెయ్యరు. ఊరందరికీ పప్పు పోయింది. ఆయనకి ఊరే పోతోంది. అదంతా ఒక గడిలో తను రాసిన ఒక్క వాక్యం వల్ల.

"శనివారమే ఎందుకూ?" అన్నాడు.

"ఆ రోజు మీ ఆఫీసు భోజనాలున్నాయి కదండీ. బిరుదివ్వడానికి పెద్దోళ్ళొస్తన్నారంట. నలభైమందికి చెప్పారు. పెసరపప్పేద్దునా అంటే, కుదరదు, మృదుజలంతో వండిన కందిపప్పే ఉండాలన్నారంట కమిషనరుగారు." సూరమ్మ గరిట గిన్నెలో పెట్టేసింది. "విజిల్ లేకుండా నలభైమందికి కందిపప్పు! ఊరొదిలెళ్ళే రోజున, నా చేతి పప్పు రాళ్ళని చెప్పుకుంటా పోతారండి ఆళ్ళు. అదొక్కటే నా ఏడుపు."

భీమశంకరం ఆ మధ్యాహ్నం మొదటి గోనెసంచి విప్పాడు.

పదకొండు వేల విజిల్స్. అన్నీ ఒకటే రంగు, తెల్లటి పెచ్చు కట్టి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కన పెట్టాడు. గురువారం ఆయన భోజనానికి వెళ్ళలేదు. శుక్రవారం సాయంత్రం, ముప్ఫైయొకటో సంచిలో, ఒక విజిల్ పెచ్చు పసుపు రంగులో కనబడింది. పంతొమ్మిదేళ్ళ సున్నం, పంతొమ్మిదేళ్ళ పసుపు, పొర మీద పొర. ఆయన దాన్ని పట్టుకుని సంచుల మీద కూలబడ్డాడు. ఎరుపులోకి ఆ ఒక్క బొట్టు పడ్డట్టనిపించింది.

శనివారం పొద్దున రుమాల్లో చుట్టి తీసుకెళ్ళి మెస్సు అరుగు మీద పెట్టాడు. సూరమ్మ విప్పి చూసింది. పసుపు పెచ్చుని బొటనవేలితో తడిమింది.

"సున్నం గీకలేదేటండి?" అంది.

"గీకితే మీదని తెలియదు కదండీ."

"మీ ఉద్యోగానికేం రాదు కదా?"

"ఏమో," అన్నాడు. నిజంగానే తెలియదు. ఆవిడ ఆఖరి వంట పరువుగా ఉండాలన్నంతవరకే తను ఆలోచించానని ఆయనకి గట్టి నమ్మకం. పదకొండింటికి ఆఫీసు ఆవరణలో ఏం జరగబోతోందో ఆయనకి తెలుసా, తెలిసే ఇచ్చాడా అన్న ప్రశ్న మనసులో ఒకసారి తల ఎత్తింది. ఆయన మర్యాదగా చూపు తిప్పుకున్నాడు.

ఆవరణలో షామియానా వేశారు. రాజధాని నించి శాఖ సంచాలకులవారు వచ్చారు. పొట్టిగా, నిద్రమొహంతో, మెడలో మూడు దండలతో. ఊరంతా వచ్చింది, భోజనాలున్నాయి గనక. బిరుదిచ్చే ముందు సంచాలకులు పదకొండు నించి అరగంట సేపు ఊరిని స్వయంగా వినాలి. ఆ తర్వాత "సాంకేతిక సాక్షి"గా భీమశంకరం ధ్రువపత్రంలో సగటు రాసి సంతకం పెట్టాలి. అంకె కోసం చిన్న ఖాళీ వదిలారు. అందులో ఎవరో ముందే పెన్సిలుతో గుండ్రంగా సున్నా చుట్టి ఉంచారు, దాని మీద దిద్దుకోమని.

"శ్రవణం ప్రారంభం," అన్నాడు కమిషనరు మైకులో. మైకు ఆగిపోయింది. సంచాలకులు కళ్ళు మూసుకున్నారు. ఊరు ఊపిరి బిగబట్టింది. సముద్రం మోత కూడా వినిపించింది.

పది నిమిషాలు గడిచాయి. అప్పుడు, గోడ అవతల నించి:

కుయ్‌య్‌య్!

ఎవరూ కదలలేదు. తల మాత్రం ప్రతివాడిదీ అటు తిరిగింది. కొన్నాళ్ళుగా వినని చుట్టం గొంతు అది. రెండోది పడింది. మూడోది పడింది. నాలుగోదానికి ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టారు.

కమిషనరు పక్కకి వంగాడు. "ఆ గోడ వెనక ఏముంది?"

"మన భోజనాలు సార్," అన్నాడు భీమశంకరం.

"ఆపించండి."

"ఆపితే పప్పు ఉడకదు సార్."

కమిషనరు ముఖంలో మృదుజలమూ కందిపప్పూ కొట్టుకున్నాయి. సంచాలకులు కళ్ళు మూసుకునే ఉన్నారు, కానీ ముక్కు పుటాలు అదురుతున్నాయి. పప్పు వాసన గోడ దాటింది. ఆరోదానికి జనం పైకే అన్నారు: "ఆరు!" ఏడోదానికి ముసలివాళ్ళు కూడా గొంతు కలిపారు. "ఎనిమిది!" అన్నప్పుడు నూకరాజు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. తొమ్మిదో కూత అన్నిటికన్నా పొడుగ్గా, తీరుబడిగా, షామియానా గుడ్డ వణికేలా కూసింది. తర్వాత స్టవ్వు ఆపిన చప్పుడు. ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది.

కమిషనరు సామాన్యుడు కాదు. మైకు అందుకున్నాడు. "గౌరవ సంచాలకులు గమనించే ఉంటారు. పదకొండు వేల గృహాలకి కేవలం తొమ్మిది కూతలు! సగటున ఒక్కొక్క గృహానికి కూతలో వెయ్యోవంతు కూడా లేదు. ఇది సున్నా కన్నా విశ్వసనీయమైన సున్నా."

సంచాలకులు మెచ్చుకోలుగా తల ఊపారు. ధ్రువపత్రం భీమశంకరం ముందుకొచ్చింది. పెన్సిలు సున్నా ఆయన వైపు నోరు తెరుచుకుని చూస్తోంది. ఆయన కలం తీశాడు. ఆ సున్నా మీద దిద్దడం ఎంత సుఖమో చెయ్యికి తెలుసు; నాలుగేళ్ళ అలవాటు.

"మల్లేశ్వరరావుగారూ," అన్నాడు. "ఒక్క సందేహమండి. కూసిన వంటిళ్ళెన్ని?"

గణాంకాధికారి ఉలిక్కిపడ్డాడు. "ఒకటండి."

"కూతలు?"

"తొమ్మిదండి."

"నాలుగో నియమం ప్రకారం..."

మల్లేశ్వరరావు కమిషనరు వైపు చూశాడు. కమిషనరు కళ్ళతో నిప్పులు కురిపించాడు. కానీ ముప్పయ్యేళ్ళలో ఎవరూ ఆ మనిషి సొంత నియమాన్ని పేరు పెట్టి నలుగురిలో అడగలేదు. ఆయన వెన్ను దానంతటదే నిటారయింది.

"కూసిన వంటిళ్ళతోనే భాగించవలెను," అన్నాడు గట్టిగా. "తొమ్మిదిని ఒకటితో భాగించగా తొమ్మిది. తాళం వేసినవీ, కూయనివీ లెక్కలోకి రావు. సగటు తొమ్మిది. కఠినం. వార్డుకొక టాంకరు!"

భీమశంకరం తొమ్మిది వేశాడు. సున్నాకి ఒక తోక చాలింది. చెయ్యి వణకలేదు.

ఆ తర్వాత భోజనాలు. సంచాలకులు కందిపప్పు మూడుసార్లు వేయించుకున్నారు. "తొమ్మిది కూతల పప్పమ్మా ఇది, దీన్ని మించింది నేనెరగను," అన్నారు సూరమ్మతో. సూరమ్మ గరిటతో దండం పెట్టింది.

మున్సిపాలిటీ తన ఉత్తర్వుని తనే కాదనలేక సోమవారం ఇరవైరెండు టాంకర్లు పంపింది. కాలవ గొట్టం ఫైలు తెరుచుకుంది, ఇప్పటికీ తెరిచే ఉంది. గోనెసంచుల్ని మైదానంలో కుమ్మరిస్తే ఎవరి కుక్కరుకి పట్టింది వాళ్ళు తీసుకుపోయారు. కొన్ని నెలల పాటు ఊళ్ళో ప్రతి వంటిల్లూ పక్కింటి గొంతుతో కూసింది. కమిషనరుని ఇంకా పెద్ద పట్టణానికి పంపారు. రామచంద్రపురం హాస్టలుకి వేరే వంటమనిషి దొరికింది.

వానాకాలంలో పైఆఫీసు నించి భీమశంకరం పేర ఒక పెట్టె వచ్చింది. నాలుగేళ్ళ నాటి ఇండెంటుకి జవాబు. ఆయన గడియ వేసుకుని, చేతులు కడుక్కుని, పెట్టె విప్పాడు. గడ్డి మధ్యలో అయిదు లీటర్ల కుక్కరు. దాంతో ఒక ఉత్తరం: "నూతన ప్రమాణము ననుసరించి పరికరము ఒకటి పంపడమైనది. కందిపప్పు స్థానికముగా సమకూర్చుకొనవలెను."

ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ గదిలో తను నవ్వడం తనెప్పుడూ వినలేదు. తర్వాత కుక్కరు చంకన పెట్టుకుని గోడ చుట్టి వెళ్ళాడు.

"ఏటిది బాబుగారూ?" అంది సూరమ్మ.

"లేబరేటరీ."

ఆవిడ కాలవ నీళ్ళు పోసి, గుప్పెడు పప్పు వేసి ఎక్కించింది. ఇద్దరూ నిలబడి విన్నారు. ఒకటి. రెండు. మూడు. సూరమ్మ స్టవ్వు ఆపేసి, మూత తీసి, అడుగు గీకడానికి చూసింది. మాడలేదు, మాడేంతసేపు పొయ్యి మీద ఉంటేగా.

"ఇంకో ఆరు కూయిద్దునా?" అంది, ఆయన ముఖం చూసి.

భీమశంకరం తన మనసులోకి చూసుకున్నాడు. జవాబు అక్కడ సిద్ధంగానే ఉంది.

"కూయించండి," అన్నాడు.